ఎవరి వంతు పిల్ల

జూన్ 20

ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు. ఫోను చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, నేను "ఆఁ" అంటాను, మధ్యలో నీ కూతురు "హలో హలో" అని అరిచి పెట్టేస్తుంది. దీనికన్నా ఉత్తరమే నయమని కలం పట్టాను. కాగితం మీదైతే నువ్వూ కాస్త మనిషిలా మాట్లాడతావు.

ముందు బుడంకాయ సంగతి. బాగుంది. ముందు పళ్ళు రెండు ఊడాయి. నా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కిటికీ గట్టుని సొంతం చేసుకుంది. నిద్రలో కాళ్ళతో తంతుంది. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే పడుకున్న మంచం అది, ఇప్పుడు అంచు పట్టుకుని వేలాడుతున్నాను. వాళ్ళమ్మ మాట ఎత్తదు. నేనూ ఎత్తను. నువ్వు రేవు ఉద్యోగానికి వెళ్ళిన రోజు మాత్రం వీధి చివరిదాకా పరిగెత్తి వచ్చింది, ఆ తర్వాత ఏడవలేదు.

నువ్వు కవరులో మడతపెట్టి దానికి పంపిన ఉత్తరం దాని చేతికే ఇచ్చాను. తండ్రీకూతుళ్ళ మధ్య నేనెందుకు? కిటికీ గట్టెక్కి గోడ వైపు తిరిగి, పెదాలు కదుపుతూ చదువుకుంది. ఏం రాశాడే అంటే "నేను లేకపోతే నాన్నకి అన్నం సయించట్లేదట" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయిరా. రెండో తరగతిలోకి వస్తూనే ఇంత బాగా చదువుతోందంటే అది మరదలి చలవే. పోయినేడాదంతా మంచంలో ఉండి కూడా పిల్లకి అక్షరం నేర్పింది చూడు.

ఇక మా బడి. రెండో తరగతికీ మూడో తరగతికీ మధ్య ఉన్న చెక్క గోడ తీసేశారు. హెడ్మాస్టరు గారు ఎక్కడో చూసొచ్చారట. డెబ్భై మందినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఇద్దరు టీచర్లు కలిసి చెప్పాలి. ఒకరు ముందు నిలబడి పాఠం చెబుతుంటే ఇంకొకరు వరసల మధ్య తిరుగుతూ వెనకబడిన వాళ్ళ పక్కన కూర్చోవాలి. నాకు జంటగా వచ్చినావిడ మొన్ననే ఉద్యోగంలో చేరింది. పిల్లలు ఆవిణ్ణి కొత్త టీచరంటారు, నన్ను కళ్ళజోడు టీచరంటారు. మొదటి వారం ఇద్దరం ఒకేసారి నోరు తెరిచేవాళ్ళం, ఒకేసారి మూసేవాళ్ళం. ఇప్పుడు కుదిరింది. నిజం చెప్పనా, ఇరవై ఏళ్ళుగా ఆ నాలుగు గోడల మధ్య ఒక్కదాన్నే అరిచాను. ఇప్పుడు పాఠం మధ్యలో తలెత్తితే నాలాంటి మనిషి ఇంకొకరు కనిపిస్తున్నారు. ఎంత ధైర్యంగా ఉంటుందో నీకు తెలియదు.

ఎవరూ గల్లంతవకుండా పిల్లల్ని రెండు వంతులు చేసుకున్నాం. నా వంతు పిల్లల చదువూ రాతా నేను చూడాలి, ఆవిడ వంతు ఆవిడ చూడాలి.

ఇంకో మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత అనుకోకు. బుడంకాయ నా వంతు కాదు. రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు.

ఈ కలిపిన తరగతి మీద తల్లిదండ్రుల అభిప్రాయం అడుగుతున్నారు. ఆగస్టులో సమావేశం. వాళ్ళు వద్దంటే గోడ మళ్ళీ వస్తుంది, నేను మళ్ళీ ఒంటరి కాకినవుతాను. నీకూ కాగితం వస్తుంది. మంచి మాట రాయి.

వేళకి తిను.
అక్క


జూలై 6

అక్కకి,

నమస్కారం. నీ ఉత్తరం అందింది. రాత్రి పని దిగి వచ్చి చదివాను.

ఇక్కడ చెప్పుకోవడానికి ఏముంది. క్రేను మీది గదిలో ఒక్కణ్ణే. కింద మనుషులు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు. వైర్‌లెస్‌లో "ఎత్తు" అంటారు, ఎత్తుతాను. "దించు" అంటారు, దించుతాను. అంతకు మించి మాటల్లేవు. బసకి వస్తే నేను లేచిన మంచం మీద ఇంకొకడు పడుకుని ఉంటాడు. అతనికి నా పేరు తెలుసో లేదో నాకు తెలియదు, నాకైతే అతని పేరు తెలియదు. దుప్పటి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

బుడంకాయ నీ వంతు కాదని ముందే చెప్పావు. మంచిదే. ముక్కుసూటిగా చెప్పడం నీకు మొదటి నుంచీ అలవాటు. ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి, నాకు తెలుసు. ఇక్కడ విడిగా గది దొరుకుతుందేమో చూస్తున్నాను. అందాకా ఎలాగో సర్దుకో.

మీ గోడ సంగతి ఆలోచించి రాస్తాను. బుడంకాయకి రాసిన ఉత్తరం లోపల పెట్టాను.

ఉంటాను.
తమ్ముడు


జూలై 19

ఒరేయ్ మూతిముడుపూ,

నా వంతులో వేసుకోలేదని అలిగావా? నీ కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసి కూడా రాయడం నాదే తప్పు. కానీ కాస్త బుర్ర పెట్టి ఆలోచించు. వేసుకుంటే నలుగురూ ఏమంటారు? "మేనత్త కదా, నెత్తిన పెట్టుకుంది" అనరూ? ఇరవై ఏళ్ళు సంపాదించుకున్న మంచిపేరు. అందుకే కొత్త టీచరు చూసుకుంటోంది. చక్కటి మనిషి, ఓపికున్న మనిషి. నేను దూరంగా ఉంటాను. ఇంటికొచ్చాక కూడా బడి మాట ఎత్తకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను. మిగతా అరవై తొమ్మిది మందికీ ఇంట్లో టీచరు లేదు కదా, దీనికొక్కదానికీ ఉంటే అన్యాయం.

మంచం అంచున వేలాడుతున్నానని సరదాకి రాస్తే దానికి గది చూడటం ఏమిటి? "సర్దుకో" అనడం ఏమిటి? సర్దుకోక ఏం చేస్తున్నాను?

అసలు సంగతి ఇది కాదు. నువ్వు పంపిన చిన్న ఉత్తరం చదువుకుని ఆ పిల్ల ఎగురుకుంటూ వచ్చి "నాన్న ఆదివారం వచ్చి నన్ను తీసుకెళ్తాడట, కిటికీ ఉన్న గదట" అంది. నాతో "చూస్తున్నాను" అని, పిల్లతో "వస్తున్నాను" అంటావా? ఆదివారం పొద్దున్నే లేచి, తలంటుకుంటానని గోల చేసి, సంచి సర్దుకుని మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం అన్నం కంచం అక్కడికే తీసుకెళ్ళాను. వీధిలో ఆటో ఆగినప్పుడల్లా లేచి నిలబడేది. చీకటి పడ్డాక నేనే సంచి లోపల పెట్టాను.  

పెద్దవాళ్ళం మనం ఏమైనా అనుకుంటాం. పసిపిల్లకి మాట ఇచ్చేముందు వెనకాముందూ చూసుకోవాలి.

అక్క


ఆగస్టు 1

అక్కకి,

నేను దానికి ఏం రాశాను, ఏం రాయలేదు అన్నది వదిలెయ్. అది సంచి సర్దుకుని రోజంతా మెట్టు మీద కూర్చుందని రాశావు. దానికి అక్కడ ఎలా ఉందో నాకు అర్థమైంది.

నలుగురూ ఏమంటారోనని దూరంగా ఉంటున్నానన్నావు. కొత్త టీచరు చూసుకుంటోందన్నావు. కన్నవాణ్ణి నేను ఇక్కడ, మేనత్తవి నువ్వు పక్కనే ఉండి, ముక్కూ మొహం తెలియని మనిషి దాన్ని చూసుకోవాలా? సరేలే. పిల్లని వదిలేసి వచ్చినవాడికి నోరెక్కడిది.

హెడ్మాస్టరు గారు అడిగారు కాబట్టి నా అభిప్రాయం రాసి పంపేశాను. ఉన్నమాటే రాశాను.

ఇక్కడ ఒకటే వాన. గాలి ఎక్కువైతే క్రేను ఆపేసి కిందకి దిగమంటారు. నేను దిగను. దిగినా వెళ్ళేచోటు లేదు.

తమ్ముడు


ఆగస్టు 23

తమ్ముడికి,

దీవెనలు రాయబుద్ధి కావడం లేదు, అయినా రాస్తున్నాను.

నిన్న సమావేశం జరిగింది. పిల్లల బెంచీల్లో తల్లులూ తండ్రులూ మోకాళ్ళు గడ్డాలకి ఆనించుకుని కూర్చున్నారు. నేనూ కొత్త టీచరూ నల్లబల్ల దగ్గర పెళ్ళిచూపుల్లో పిల్లల్లా నిలబడ్డాం. మొదట మందుల షాపాయన లేచి "మంది ఎక్కువైతే మజ్జిగ పలచన" అన్నాడు. అంతే, ఇక తలా ఒక సామెత. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అని ఒకాయన. "మీరు కత్తులు తెచ్చారు, మా పిల్లలకి కావలసింది పలకలు" అని బస్సు కండక్టరు. ఆయన మా పక్షమే. తన కొడుక్కి కళ్ళజోడు టీచరంటే భయం, కొత్త టీచరంటే ప్రాణం, ఒకరు తిడితే ఇంకొకరు ఓదారుస్తారు, ఇల్లంటే అంతే కదా అన్నాడు. నర్సు ఒకావిడ, ఒక టీచరు రాకపోయినా పాఠం ఆగడం లేదు, అదే చాలంది.

ఇస్త్రీ షాపావిడ చివర్లో లేచింది. "నేను తప్పని అనడం లేదమ్మా. మా అమ్మాయికి లెక్కలు వస్తున్నాయా అని అడిగితే మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు చూస్తున్నారంటే ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా" అంది. ఆవిడ పిల్ల నా వంతే. ఆవిడ అడిగిన రోజు తలనొప్పిగా ఉండి గుర్తు రాలేదంతే. కానీ హాలంతా గుసగుసలు.

అప్పుడు హెడ్మాస్టరు గారు, ఊళ్ళో లేని తండ్రి ఒకరు రాసి పంపారని నీ ఉత్తరం తీసి పైకి చదివారు. "ఇద్దరు చూసుకునే చోట ఎవరూ చూసుకోరు. మా పిల్ల ఎవరి వంతూ కాదని ఆ టీచరే నాకు రాసింది. ఇలాంటి తరగతి నాకు వద్దు. మా పిల్లని తీసుకెళ్ళిపోతాను." ఆ తండ్రి ఎవరో అందరికీ తెలుసు. ఒక్కసారిగా అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నా సొంత తమ్ముడు! నేల చీలితే బావుండుననిపించింది. నేనెప్పుడు రాశానురా అలా?

కానీ నోరు మూసుకుని ఊరుకోలేదు. ఊరుకుంటే గోడ వచ్చేది. "ఆ పిల్ల నా మేనకోడలు. కొత్త టీచరు వంతు. ఈ కలిపిన తరగతిలో చేరి మూడు నెలలు కాలేదు, వాళ్ళ నాన్న ఉత్తరాలు తనంతట తనే చదువుకుని నాకు వినిపిస్తుంది. హాల్లో డెబ్భై మంది కలిసి చదువుతుంటే అందరికంటే గట్టిగా వినిపించేది దాని గొంతే. అడగండి" అన్నాను. బుడంకాయని పిలిచారు. పుస్తకం చేతికిస్తే పాఠం గడగడా అప్పజెప్పింది, ఒక్క తప్పు లేదు. ఇస్త్రీ షాపావిడ కూడా ముక్కు మీద వేలేసుకుంది. చేతులెత్తమంటే నాలుగింట మూడు వంతుల మంది ఎత్తారు. గోడ రాదు. నన్ను గెలిపించింది నీ కూతురు, నువ్వు కాదు.

నాకు సంతోషంగా ఉండాలి. లేదు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంటే అది వచ్చి ఒళ్ళో తల పెట్టింది. నువ్వు తీసుకెళ్ళిపోతావని విన్నప్పటి నుంచీ నాకు ఈ ఇల్లు ఎలా ఉంటుందోనని భయం పట్టుకుంది. ఉన్నమాట చెబుతున్నాను.

అక్క


సెప్టెంబర్ 4

అక్కకి,

నమస్కారం. నలుగురిలో నీ పరువు తీయాలని రాయలేదు. పైకి చదువుతారని నాకు తెలియదు. తెలిస్తే రాసేవాణ్ణి కాదు.

నువ్వు ఎప్పుడు రాశావని అడిగావు. జూన్ ఇరవైన రాసిన కాగితం నా పెట్టెలోనే ఉంది. "బుడంకాయ నా వంతు కాదు. రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు." ఇవి నీ అక్షరాలే. తల్లి పోయి ఏడాది నిండని పిల్ల గురించి ఆ మాట చదివాక నాకు రెండు రోజులు ఏమీ తోచలేదు. క్రేను కొక్కెం ఎక్కడ దించానో కూడా చూసుకోలేదు. పై అధికారి తిట్టాడు.

సరే, అది పోనీ. ఒకటి అడుగుతాను. పావురం గుడ్లు పెట్టిందని దానికి రాశాను. క్రేను గది వెనక, నా సీటుకి బెత్తెడు దూరంలో. పిల్లలయ్యాయని కూడా రాశాను. దానికి నచ్చుతుందనుకున్నాను. నీతో ఏమైనా అందా?

తమ్ముడు


సెప్టెంబర్ 15

ఒరేయ్ మొద్దూ, ఒరేయ్ మట్టిబుర్రా,

వంతంటే తరగతిలో వంతురా! డెబ్భై మందిని రెండుగా పంచుకున్నామని దానికి పైనే రాశాను కదా, కళ్ళెక్కడ పెట్టుకుని చదివావు? దాన్ని రెండో వంతులో, అంటే కొత్త టీచరు వంతులో వేశామని. రాత్రి పని దిగి నిద్రమొహంతో ఉత్తరాలు చదివితే ఇంతే. ఈ ముక్క పట్టుకుని మూడు నెలలు కుమిలిపోయావా? హెడ్మాస్టరు దాకా వెళ్ళావా? చదివి ఎంత నవ్వానంటే, పక్కింటావిడ వచ్చి తొంగి చూసింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. అది నా వంతు కాకపోవడమేమిటి, దేవుడా! ఈ ఇంట్లో నా వంతంటూ ఉన్నది అదొక్కతే కదా.

పావురం సంగతి అడిగి రాస్తాను. నాకెప్పుడూ చెప్పలేదు.

సెప్టెంబర్ 16

నిన్న ఇక్కడిదాకా నవ్వుకుంటూ రాసి ఆపాను. మిగతాది ఇవాళ రాస్తున్నాను.

సాయంత్రం "నాన్న పావురం ఎలా ఉందే?" అన్నాను. "ఏ పావురం?" అంది. "నాన్న రాశాడుగా" అన్నాను. దాని మొహం మారింది. పరిగెత్తి నీ ఉత్తరం తెచ్చుకుని, చాలాసేపు చూసి, "ఆఁ, ఉందట. నాన్నకి తోడుగా ఉందట. నేనొచ్చాక వెళ్ళిపోతుందట" అంది. "ఎక్కడుంది, చూపించు" అన్నాను. ఒక మాట మీద వేలు పెట్టింది. ఆ మాట "వాన".

దాని చేతిలోంచి కాగితం తీసుకున్నాను. నువ్వు పంపినవన్నీ తెమ్మని, మొదటిసారి నేను చదివానురా. కొక్కెం ఎంత బరువో ఉంది. ఓడల్లో వచ్చే పెట్టెలు ఏ రంగులో ఉంటాయో ఉంది. వానలు, పావురం, "అత్త మాట విను, బాగా చదువుకో" అని ఉన్నాయి. అన్నం సయించడం లేదని లేదు. ఆదివారం వస్తానని లేదు. కిటికీ ఉన్న గది లేదు. అన్నీ అదే అల్లుకుంది. కాగితం ముందు పెట్టుకుని, గోడ వైపు తిరిగి, తనకి ఏం కావాలో అది చదువుకుంది. వస్తావని తనే చెప్పుకుని, తనే నమ్మి, సంచి సర్దుకుని మెట్టు మీద కూర్చుంది.

తమ్ముడూ, దానికి చదవడం రాదు. "నాన్న" అన్న మాటా, దాని పేరూ గుర్తుపడుతుంది. అంతే. సమావేశంలో అప్పజెప్పింది పాఠం కాదు, డెబ్భై గొంతుల్లో విని విని బట్టీ పట్టిన పాట. పోయినేడాది వాళ్ళమ్మ మంచం పక్కన కూర్చున్న పిల్ల, బడికి సగం రోజులు కూడా వెళ్ళలేదు. మరదలు ఎప్పుడు నేర్పుతుంది? నేనే అలా అనుకున్నాను.

ఎందుకు చెప్పలేదే అంటే, "ఎవరికి చెప్పాలి? కొత్త టీచరు మీ అత్తకి చూపించు అంటుంది. నువ్వు ఇంట్లో బడి మాట ఎత్తొద్దంటావు" అంది. కోపంగా కూడా అనలేదురా. ఏ టైముకి బస్సు వస్తుందో చెప్పినట్టు చెప్పింది.

ఇవాళ పొద్దున్నే కొత్త టీచరుని పక్కకి పిలిచాను. ఆవిడ బిక్కచచ్చిపోయింది. "మీ మేనకోడలు కదండీ, రోజూ ఇంట్లో మీరే చూస్తున్నారనుకున్నాను. నేను వేలు పెడితే మీరేమనుకుంటారోనని దాని పుస్తకం తీయలేదు" అంది. నేనేమో ఆవిడ వంతులో నేను వేలు పెట్టకూడదని తీయలేదు. ఇద్దరం రోజుకి పదిసార్లు దాని పక్క నుంచి నడిచాం. ఇద్దరం ఒకరినొకరం గౌరవించుకున్నాం. నువ్వు తప్పుగా చదివిందే నిజమైంది. నిజంగానే అది ఎవరి వంతూ కాకుండా పోయింది.

ఆ పిల్లని చూపించి నేను అందరి చేతులూ ఎత్తించాను. ఇప్పుడు వెళ్ళి దించమని చెప్పాలి. సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ చెప్పి తీరాలి. హెడ్మాస్టరు గారిని మళ్ళీ అందరినీ పిలవమన్నాను. గోడ వస్తే రానీ.

నువ్వు వచ్చి తీసుకెళ్ళిపోతానంటే కాదనే హక్కు నాకు లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు మాత్రం రాయి.

అక్క


అక్టోబర్ 1

అక్కా,

నీ ఉత్తరం క్రేను గదిలోకి తీసుకెళ్ళి చదివాను. కింద మనుషుల ముందు చదవలేకపోయాను.

నిన్ను తిట్టడానికి నాకేం లేదు. నేనూ తండ్రినేగా, ఒక్కసారైనా ఫోనులో "ఏదీ, నేనేం రాశానో చదివి వినిపించు" అన్నానా? అది హలో అంటే హలో అని పెట్టేశాను.

నేను రాయనివన్నీ అది చదివింది. అన్నం సయించడం లేదన్నది నిజం. నేను ఎవరికీ చెప్పలేదు, దానికెలా తెలిసిందో. ఆదివారం వెళ్దామని ప్రతి ఆదివారం అనుకుంటాను, అదీ నిజమే. రాయడానికి కూర్చుంటే మాత్రం చెయ్యి కొక్కెం దగ్గరికే పోతుంది. పిల్లలకి ఏం రాయాలో నాకు తెలియదక్కా. ఇంట్లో ఆ మాటలన్నీ నీ మరదలే మాట్లాడేది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి.

గది ఒకటి చూశాను. కిటికీ కూడా ఉంది. అందులో నిలబడి చూస్తే, నేను రోజంతా పైన ఉంటే అది ఇక్కడ తలుపేసుకుని ఒక్కతే కూర్చోవాలని అర్థమైంది. వద్దని చెప్పి వచ్చేశాను. ఏడాది నిండేదాకా సెలవు ఇవ్వరట. అది నీ దగ్గరే ఉండాలి. దాన్ని నీ వంతులోకి మార్చుకో, ఊరు ఏమనుకుంటే అది అనుకోనీ.

దానికి చదవడం వచ్చేలా చిన్న చిన్న మాటలతో, పెద్ద అక్షరాలతో రాస్తాను. పావురం పిల్లలు ఎగిరిపోయాయి.

నీ తమ్ముడు


డిసెంబర్ 8

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇన్నాళ్ళూ రాయలేదని అనుకోకు. రాయడానికి మంచిమాట ఏదైనా దొరికాక రాద్దామని ఆగాను.

రెండో సమావేశం అయింది. లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను.   మందుల షాపాయన "నేను ముందే చెప్పానా" అన్నాడు, అనకపోతే ఆయనకి నిద్ర పట్టదు. ఆరుగురు అక్కడికక్కడే తమ పిల్లల్ని వేరే బడిలో చేర్పిస్తామని వెళ్ళిపోయారు. మంచి పిల్లలు, నేను వాళ్ళని ఆపలేకపోయాను. ఇస్త్రీ షాపావిడ వెళ్ళలేదు. "ఇద్దరు ఉండటం మంచిదేనమ్మా. కాకపోతే మీరిద్దరూ కూర్చుని మా పిల్లల గురించి మాట్లాడుకోండి. మాట్లాడుకున్నది మాకూ చెప్పండి" అంది. గోడ రాలేదు. ఇప్పుడు వారానికొకసారి బడి వదిలాక నేనూ కొత్త టీచరూ కూర్చుని ఒక్కో పిల్ల గురించీ, ఒక్కో పిల్లవాడి గురించీ చెప్పుకుంటాం. ఎవరి గురించి ఇద్దరికీ మాటలు దొరకవో ఆ పిల్లని మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుంటాం. మొదటి వారం అలాంటివాళ్ళు బుడంకాయ కాక ఇంకా తొమ్మిది మంది తేలారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బుడంకాయకి ఇప్పుడు పొద్దున కొత్త టీచరూ, సాయంత్రం నేనూ. ఊరు ఏమనుకుందో అడగలేదు. పొల్లులూ ఒత్తులూ దానికి ప్రాణం తీస్తున్నాయి. "త కింద ఇంకో త ఎందుకు, పైనే పక్కపక్కన కూర్చోవచ్చుగా" అని నాతో పోట్లాడుతుంది. వస్తోంది, నెమ్మదిగా వస్తోంది.

అసలు మంచిమాట ఇదీ. మొన్న నువ్వు పెద్ద అక్షరాలతో రాసిన ఉత్తరం దాని చేతికిచ్చి, నేను వంటగదిలోకి వెళ్ళిపోయాను. గట్టెక్కింది. ఈసారి గోడ వైపు తిరగలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, తప్పు చదివి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, సాయంత్రమంతా పట్టింది. నన్ను సాయం అడగలేదు. చివరికి లేచి వచ్చి నా ముందు నిలబడి నువ్వు రాసింది రాసినట్టు చదివింది. "ఇవాళ రెండు ఓడలు వచ్చాయి. వాన తగ్గింది. బాగా చదువుకో. నాన్న." ఒక్క తప్పు లేదురా. నేను ఎగిరి గంతేసి దాన్ని ఎత్తుకున్నాను, నడుము పట్టేసింది.

దించాక చూస్తే అది నవ్వడం లేదు. కాగితం వెనక్కి తిప్పి చూసింది. కవరులోకి తొంగి చూసింది. "ఇంతేనా అత్తా?" అంది. ఇంతేనన్నాను. నీ ఉత్తరం జాగ్రత్తగా మడతపెట్టి, "ఇదివరకు నాన్న బాగా రాసేవాడు" అని వెళ్ళి పడుకుంది.

అది అప్పుడు చదువుకున్నవన్నీ నిజమేనన్నావు కదా. నువ్వే రాయి.

అక్క